నిద్ర లేని డాక్టర్, గీత తప్పే చెయ్యి

కోల్‌కతా శివారు న్యూ టౌన్‌లో 2011లో మొదలైన టాటా మెడికల్ సెంటర్‌కు ఈశాన్య రాష్ట్రాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి కూడా క్యాన్సర్ రోగులు వస్తుంటారు. ఇలాంటి ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్స నేర్చుకునే పీజీ వైద్యుల పనిలో ముఖ్యమైనది గీతలు గీయడం. సీటీ స్కాన్‌లోని ఒక్కో పొర మీద కణితి హద్దునూ, పక్కనే ఉన్న వెన్నుపాము, ఊపిరితిత్తుల హద్దులనూ కంప్యూటర్ తెరపై గుర్తించాలి. గీత కొన్ని మిల్లీమీటర్లు తప్పినా కణితిలో కొంత మిగిలిపోవచ్చు, లేదా మంచి కణజాలం దెబ్బతినవచ్చు. సీనియర్లు సరిచూస్తారు, నిజమే. అయినా ఆ చెయ్యి రాత్రంతా డ్యూటీ చేసినదైతే? ఇక చికిత్స పనిచేయదని అప్పుడే ఒక కుటుంబానికి చెప్పి వచ్చిన మనిషిదైతే?

1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం ప్రకారం, 24 గంటలు మేల్కొన్నవారి చేతి-కంటి సమన్వయం రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో వాహనం నడిపేవారికి పరిమితి 0.03 శాతమే! 2004లో బోస్టన్ ఐసీయూల్లో జరిగిన అధ్యయనంలో, సుదీర్ఘ డ్యూటీల పాత పద్ధతిలో పనిచేసిన ఇంటర్న్‌లు కొత్త పద్ధతివారి కంటే దాదాపు 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేశారు.

అయితే గంటలు తగ్గిస్తే డ్యూటీ చేతులు మారడం పెరుగుతుంది. రోగి వివరాలు అక్కడే జారిపోతాయి. అందుకే అప్పగింతకూ ఒక పద్ధతి కావాలి. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల వైద్య శిక్షణ కేంద్రాల్లో అలాంటి పద్ధతి పెట్టాక వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది.

మన దగ్గర నిబంధనలకు కొదవలేదు. రెసిడెంట్ల డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 నాటి పీజీ నియమావళిలో మాత్రం 'సహేతుకమైన పని గంటలు' అన్న మాటే ఉంది. సహేతుకం ఎంతో ఎవరు చెప్పాలి? 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దనీ, ఒక రోజు సెలవు ఉండాలనీ సిఫార్సు చేసింది. 1992 అంకెతో పోలిస్తే ఇది మెట్టు దిగడమే.

అదే ఏడాది ఆగస్టు 9న, న్యూ టౌన్‌కు ఎంతో దూరం లేని ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ గదిలో విశ్రాంతి తీసుకుంటున్న పీజీ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళానికి అప్పగించిన అంశాల్లో డ్యూటీ డాక్టర్లకు వేరుగా విశ్రాంతి గదులు కల్పించడం ఒకటి.