తమదైనదే ఇవ్వనిద్దాం

ఆదివారం ఆరాధనకు బయల్దేరేటప్పుడు పిల్లల చేతిలో పది రూపాయల నోటు పెడతాం. కానుక పట్టేవేళ వాళ్లు దాన్ని సంచిలో వేస్తారు. మంచి అలవాటే. కానీ ఆ నోటు మనది. వాళ్లు మోసుకెళ్లారంతే. తమదనుకున్న దాంట్లోంచి కొంత వదులుకున్నప్పుడే ఇవ్వడమంటే ఏమిటో పిల్లలకు తెలుస్తుంది.

యెరూషలేము దేవాలయంలో ధనవంతులు బోలెడు డబ్బు వేస్తుంటే, యేసు శిష్యులను పిలిచి చూపించింది రెండు కాసులు వేసిన పేద విధవరాలిని. ఐదువేలమంది ఆకలి తీర్చిన ఐదు రొట్టెలు, రెండు చేపలు ఒక చిన్నవాడి దగ్గరివి. అవి యవల రొట్టెలు, ఆ కాలంలో పేదల తిండి. ఇవ్వడానికి ముందు కలిగినవాళ్లం కావాలన్న మాట సువార్తల్లో ఎక్కడా కనిపించదు.

అందుకే పండక్కి అమ్మమ్మో మేనమామో చేతిలో పెట్టిన డబ్బులున్నప్పుడు, "ఇందులో ఎంత ఇద్దామనుకుంటున్నావు?" అని అడగండి. లెక్క మీరు చెప్పకండి. ఇవ్వనంటే కోప్పడకండి. కొరింథు సంఘాన్ని సాయం అడిగినప్పుడు పౌలు కూడా ఎవరినీ ఒత్తిడి చేయలేదు, మనస్ఫూర్తిగా ఇవ్వమన్నాడు.

డబ్బు తెలియని పసివాళ్లకు వంటింట్లోనే నేర్పవచ్చు. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి, అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం విడిగా పెడుతున్నారు. ఆ పిడికెళ్లే కూడి సువార్త పనికి పెద్ద ఆధారమయ్యాయి. మీ ఇంట్లోనూ ఒక డబ్బా పెట్టి, రోజూ ఆ పిడికెడు పిల్లల చేతే వేయించండి. నిండాక ఎవరికివ్వాలో వాళ్లతోనే మాట్లాడండి.

ఎలా ఇవ్వాలో రూతు కథ నేర్పుతుంది. పొలం అంచులు పూర్తిగా కోయొద్దని, పరిగె పేదలకూ పరదేశులకూ వదలాలని ధర్మశాస్త్రం ఆజ్ఞ. పొలం యజమాని బోయజు అంతటితో ఆగలేదు. పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతును ఎవరూ అవమానించకూడదని పనివాళ్లకు చెప్పాడు. ఆమె ఏరుకోవడానికి పనల్లోంచి కావాలనే కొన్ని పరకలు లాగి పడేయమన్నాడు. భోజనవేళ పిలిచి తమతోపాటు తినమన్నాడు. ఈ కథ పిల్లలకు చెప్పి, మనమూ అలాగే నడుచుకుందాం. చిరిగినవీ బొత్తాలు ఊడినవీ కాకుండా, మన పిల్లలకు తొడగగలిగిన బట్టలే ఇద్దాం. తీసుకునేవాళ్లను నిలబెట్టి ఫొటోలు తీయొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ఎడమచేతికి కూడా తెలియకుండా ఇవ్వమన్నది ప్రభువు మాట.

పిల్లలు మన ప్రార్థన వింటారు, మన బేరాలూ వింటారు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి, పనిమనిషి జీతం వాయిదా వేస్తే, వాళ్ల మనసులో నిలిచేది రెండోదే. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండం ఆజ్ఞాపిస్తోంది. జీతం సమయానికి ఇవ్వడం దానం కాదు, మన బాకీ. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

"ఇస్తే దేవుడు రెట్టింపు ఇస్తాడు" అని మాత్రం ఆశ పెట్టకండి. విందు చేస్తే తిరిగి పిలవలేని పేదలను, వికలాంగులను పిలవమన్నాడు యేసు. లాభం చూసుకుని ఇస్తే అది వ్యాపారమవుతుంది. ఎదుటివాళ్ల అవసరం తీరిందన్న సంతోషం చాలునని చెప్పండి.

ఇలా పెరిగిన పిల్లవాడు ఏదో ఒకరోజు మీరు కొన్న కొత్త జామెట్రీ బాక్సును తోటివాడికి ఇచ్చేసి ఇంటికొస్తాడు. అప్పుడు "ఖరీదెంతో తెలుసా?" అనకండి. ఆ తోటివాడికి ఏం లేదో, మీవాడు దాన్ని ఎలా గమనించాడో అడిగి తెలుసుకోండి. వారం రోజులు పాత పెట్టెతోనే సర్దుకోమనండి. ఇచ్చినందుకు మెచ్చుకోండి.