తోడులోని ప్రాణం

కాపురానికి వచ్చిన కొత్తలో నేను పాలు పొంగగానే దించి, ఆ వేడిలోనే తోడు వేశాను. తెల్లవారి చూస్తే పాలు పాలుగానే ఉన్నాయి. అత్తగారిచ్చిన తోడు మంచిది కాదనుకున్నాను. తప్పు నాదే. తోడు అంటే పులుపు మాత్రమే కాదు, ప్రాణమున్న పదార్థం. చెంచాడు పెరుగులో కోట్లాది లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటుంది. అది పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చగా పాలు గడ్డకడతాయి. మరిగే పాలలో అది నశిస్తుంది. వేలు ఓర్చుకోగల గోరువెచ్చదనం, అనగా సుమారు 40 డిగ్రీలు, దానికి అనుకూలం.

పులిసిన పాలనుండి ఈ జాతి సూక్ష్మజీవిని జోసెఫ్ లిస్టర్ 1870లలోనే వేరుచేసి చూపారు. చద్దన్నంలో, క్యాబేజీ ఆకులపై, మన ప్రేగులలో కూడ ఇవి నివసిస్తాయి. ఇడ్లీపిండికి ఎవరూ తోడు వేయరు గదా! మినపపప్పుతో వచ్చిన ల్యూకోనోస్టాక్ అనే రకం ఆమ్లంతోపాటు వాయువును పుట్టించి పిండిని పొంగిస్తుంది.

మా మామగారికి పాలు తాగితే కడుపుబ్బరం. పెరుగు మాత్రం పడేది. పాలచక్కెరను విడగొట్టే ఎంజైమును ఈ బాక్టీరియా తనతో తెస్తుంది గనుక ప్రేగులకు శ్రమ తగ్గుతుంది. అయితే కాచిన మజ్జిగపులుసులో రుచి ఉంటుంది కాని ఆ సాయం మిగలదు. వేడి పెరుగు తినరాదని చరక సంహిత కూడ నిషేధించింది. కారణం వారిది వేరు కావచ్చు. పులుసు చేసిన రోజున కూడ మామగారి చివరి ముద్దకు గ్లాసెడు కాచని మజ్జిగ విడిగా ఉంచుతూ వచ్చాను.