గాడిద బాగుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది

ఎద్దు మెడకు కాడి పుండు పడితే దుక్కి ఎన్నాళ్లు ఆగిపోతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఈజిప్టులో ఇటుకలు మోసే గాడిదకైనా, ఇథియోపియాలో నీళ్లు మోసే గాడిదకైనా వీపు పుండు పడితే అంతే. ఆ ఇంటికి ఆ రోజు కూలి లేనట్టే. ఇలాంటి మూగజీవాల కోసం చందాలు పోగు చేసి పరాయి దేశాల్లో పనిచేసే ధర్మ సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటి అనుభవం మనకూ పనికొస్తుంది.

కొనడంతో మొదలు

1930లో డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు ఆవిడ ఈజిప్టు రాజధాని కైరో వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడుకున్న గుర్రాలను సైన్యం అక్కడే అమ్మేసి పోయింది. అవి ముసలివై, ఎముకలు తేలి, బరువు బళ్లు లాగుతూ ఆవిడ కంటపడ్డాయి. 1931లో మార్నింగ్ పోస్ట్ అనే లండన్ పత్రికకు ఉత్తరం రాశారు. చదివినవాళ్లు డబ్బు పంపారు. ఆ డబ్బుతో మూడేళ్లలో సుమారు 5 వేల గుర్రాలు కొన్నారు. చాలావాటిని బతికించే వీలు లేక, బాధ తెలియకుండా ప్రాణం తీయించాల్సి వచ్చింది.

కానీ ఎన్నని కొంటారు? బండి తోలేవాడికి బతుకుతెరువు కావాలి కదా, ఇంకో గుర్రం తెచ్చుకుంటాడు. అందుకే 1934లో కైరోలోనే ఉచిత పశువుల ఆసుపత్రి పెట్టారు. అదే నేటి బ్రూక్ సంస్థ. 1992లో మన దేశంలోనూ పని మొదలుపెట్టింది.

నేర్పడం దాకా

మందు వేస్తే పుండు మానుతుంది. వీపు మీద బొంత సరిచేయకపోతే మళ్లీ అక్కడే పడుతుంది. అందుకని ఈ సంస్థలు ఇప్పుడు యజమానులకు నేర్పుతున్నాయి. లాడాలు కొట్టేవాళ్లకు, జీనులు కుట్టేవాళ్లకు తర్ఫీదు ఇస్తున్నాయి. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పశువులున్నవాళ్లు సంఘాలుగా కూడి, తమ జీవాలను తామే పరీక్షించుకుంటున్నారు.

వాళ్లు నేర్పేవి ఇవీ:

1. పని మధ్యలో నీళ్లు, నీడ చూపాలి. గాడిద ఓర్చుకుంటుంది గానీ దాహం దాహమే.
2. బరువు రెండు పక్కలా సమానంగా ఉండాలి. బొంత మెత్తగా, పొడిగా ఉండాలి. బరువు వెన్నెముక మీద పడకూడదు.
3. రోజూ డెక్కలు ఎత్తి రాళ్లు, మట్టి తీయాలి.
4. పుండును శుభ్రమైన నీళ్లతో కడగాలి. వాతలు పెట్టొద్దు, బండి ఆయిలు పూయొద్దు.
5. గుర్రం, గాడిదలకు ధనుర్వాతం ముప్పు ఎక్కువ. టీకా వేయించాలి.

ఇంకో ముప్పు కూడా వచ్చింది. చైనాలో ఒక మందు తయారీకి గాడిద చర్మం వాడతారు. దానికోసం ఆఫ్రికాలో గాడిదలను కోసేస్తుంటే, నీళ్లు, కట్టెలు మోసే పని మళ్లీ ఆడవాళ్ల నెత్తిన పడింది. ఈ సంస్థలు గట్టిగా పోరాడాయి. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి చర్మం కోసం గాడిదలను చంపడాన్ని 15 ఏళ్లపాటు నిషేధించింది.

చందా ఇచ్చేముందు

మీరు గానీ, పై దేశాల్లో ఉన్న మీ పిల్లలు గానీ ఇలాంటి సంస్థకు చందా ఇవ్వదలిస్తే ఒక్క మాట అడగండి: "మీరు వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగులుతుంది?" నేర్చుకున్న యజమాని, పని తెలిసిన లాడాల మనిషి మిగిలితే ఆ డబ్బు సార్థకమైనట్టే.

ఇక రేపు పొద్దున కాడి కట్టేముందు మీ ఎద్దు మెడ ఒకసారి తడిమి చూడండి.