మౌనియైన ముద్దాయి

ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ అను గొప్ప రేవుపట్టణము కలదు. అందలి ఆన్‌ఫీల్డ్ పేటలో విలియం హెర్బర్ట్ వాలెస్ అనునతడు భార్యయగు జూలియాతో కాపురముండెను. 1915 మొదలు అతడు ప్రుడెన్షియల్ బీమా సంఘమున ఉద్యోగి. ఇంటింటికి తిరిగి బీమా సొమ్ము వసూలు చేయుట అతని పని. మనిషి పొడగరి, బక్కపలుచనివాడు, మితభాషి. నలుగురిలో తన సుఖదుఃఖములను వెల్లడించుట అతని స్వభావము కాదు. చదరంగము, ఫిడేలు, పుస్తకములు, ఇవియే అతని వినోదములు.

1931 జనవరి 19వ తేదీ సాయంకాలము, చదరంగ సంఘము కూడు కాఫీశాలకు టెలిఫోనులో ఒక కబురు వచ్చెను. వాలెస్ అప్పటికింకను రాలేదు. సంఘ నాయకుడగు బీటీ ఆ కబురు వినెను. మాటలాడినవాడు తన పేరు క్వాల్ట్రో అని చెప్పెను. బీమా పని యున్నది గనుక మరునాటి రాత్రి ఏడున్నర గంటలకు 25, మెన్లవ్ గార్డెన్స్ ఈస్టునకు వాలెస్ రావలెనని కోరెను.

మరునాడు వాలెస్ ట్రాములెక్కి ఆ వైపునకు పోయెను. మెన్లవ్ గార్డెన్స్ నార్తు కలదు, సౌతు కలదు, వెస్టు కలదు; ఈస్టు మాత్రము లేదు! దారినపోవువారిని అడిగెను, పోలీసు జవానును అడిగెను. సమీపముననే యున్న తన పై యధికారి క్రూ ఇంటి తలుపు తట్టెను. ఆయన ఇంట లేడు. విసిగి వేసారి ఇల్లు చేరునప్పటికి రాత్రి ఎనిమిదిన్నర దాటెను. ముందరి గదిలో జూలియా తలపై దెబ్బలతో విగతజీవియై పడియుండెను.

ఆ టెలిఫోను వాలెస్ ఇంటికి సుమారు 400 గజముల దూరమున నున్న పెట్టె నుండి వచ్చినదని తేలెను. గొంతు మార్చి మాటలాడినవాడు వాలెసే యని పోలీసులు తలచిరి. బీటీ మాత్రము అది వాలెస్ కంఠమువలె లేదనెను. అతని బట్టలపై నెత్తురు మరక లేదు. చంపిన ఆయుధము దొరకలేదు. పాలు తెచ్చిన బాలుడు ఆరున్నర దాటిన పిమ్మట జూలియాను సజీవముగా చూచెను; ఏడు గంటల ఆరు నిమిషములకే వాలెస్ దూరమున ట్రాము కడ నుండెను. చదరంగమాడువాడు గనుక ఎత్తులు పన్ననేర్చినవాడని కొందరనిరి. ఆ లెక్కన చదరంగమాడు వారినెల్ల చెరసాలకు పంపవలెను కాబోలు!

నిజమునకు అతనికి ప్రబల విరోధి అతని ముఖమే. ఆ రాత్రి అతడు నిబ్బరముగా సిగరెట్టు కాల్చుచుండెననియు, ఆ తీరు అసహజముగా నుండెననియు శవపరీక్ష చేసిన ఆచార్యుడు సాక్ష్యమిచ్చెను. అయితే పోలీసులు ప్రక్కన లేని సమయమున అతడు తల పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చుట పొరుగింటి జాన్‌స్టన్ దంపతులు చూచిరి.

ఫిబ్రవరి 2వ తేదీన అతనిని నిర్బంధించిరి. వకీళ్లను నియమించుటకు అతని వద్ద ధనము చాలదు. అప్పుడు ప్రుడెన్షియల్ ఉద్యోగుల సంఘము ముందుకు వచ్చెను. ఆ సంఘమువారు కేవలము జాలిచే ధనమీయలేదు. కార్యవర్గమువారు రహస్యముగా సమావేశమై, ఇరుప్రక్కల సాక్ష్యములను ఆలకించి, తామే న్యాయస్థానమై విచారించిరి. అతడు నిర్దోషియని ఏకగ్రీవముగా నిర్ణయించిన పిమ్మటనే వ్యయము భరించుటకు పూనుకొనిరి. క్రూ బోనెక్కి, అతడు మిక్కిలి నిజాయితీపరుడని చెప్పెను.

ఏప్రిల్ 22 మొదలు 25 వరకు విచారణ జరిగెను. న్యాయాధిపతి సాక్ష్యము చాలదన్న ధోరణిలోనే జూరీకి వివరించెను. అయినను జూరీవారు ఒక గంటలో దోషియని తేల్చిరి. చెప్పవలసినదేమైన నున్నదాయని అడుగగా, తాను నిర్దోషిననియు అంతకుమించి చెప్పదలచినది లేదనియు వాలెస్ పలికెను. మరణశిక్ష విధింపబడెను.

మే 19వ తేదీన అప్పీలు న్యాయస్థానము, సాక్ష్యమునుబట్టి ఆ తీర్పు నిలువజాలదని దానిని కొట్టివేసెను. వాలెస్ విడుదలై తిరిగి పనికి పోగా, జనులు ముఖము త్రిప్పుకొనిరి. అంతట బీమా సంఘమువారు అతనికి కార్యాలయములోపలి పని ఇచ్చిరి. అతడు ఊరు విడిచి బ్రాంబరోలో ఒంటరిగా నివసించి, 1933 ఫిబ్రవరి 26వ తేదీన మూత్రపిండముల వ్యాధిచే మరణించెను. జూలియాను చంపినదెవరో ఏ న్యాయస్థానమునను తేలలేదు. ఆన్‌ఫీల్డ్ శ్మశానమున ఆమె సమాధియందే అతనిని ఖననము చేసిరి.