బూజు విషం: చీడపురుగుకు, మిత్ర పురుగుకు, పాలకు

మక్క వేసే పాల సంఘ సభ్యునికి ఆ పంట రెండు విధాల ఆదరువు. గింజ అమ్మకానికి పోతుంది, చొప్ప బర్రెల ముందుకు వస్తుంది. కనుక మక్క సుడిలో ఏ మందు పోసినా అది చివరకు పశువు మేతలోకి వచ్చే ప్రమాదం ఉన్నదని గుర్తుంచుకోవాలి. 2018లో మొదట కర్ణాటకలో కనిపించి, అదే ఏడు తెలంగాణలోనూ బయటపడిన కత్తెర పురుగు ఈ చిక్కును ఇంకా పెంచింది. పురుగు సుడిలో దాగి ఉంటుంది గనుక రైతు మందు మీద మందు కొడతాడు.

వానాకాలంలో ముసురు పట్టినప్పుడు రుద్రంగి, కోరుట్ల వైపు మక్క చేలలో సుడులు విప్పి చూడండి. పురుగు బిగుసుకొని చచ్చి, ఒంటి మీద తెల్లని బూజు, తరువాత ఆకుపచ్చని పొడి పట్టి ఉంటే దానిని పారవేయకండి. అది మెటారైజియం జాతి శిలీంధ్రం చేసిన పని కావచ్చు.

ఈ శిలీంధ్రం పనిచేసే తీరు ఇది. దాని బీజం పురుగు చర్మానికి అంటుకొని, తేమ దొరకగానే మొలకెత్తి, చర్మాన్ని కరిగించుకొంటూ లోపలికి దిగుతుంది. పురుగు నెత్తురులో పెరుగుతూ విషాలు వదులుతుంది. వీటిలో డెస్ట్రక్సిన్లు అనేవి ముఖ్యం. ఇవి పురుగు కండరాలను బిగదీసి పక్షవాతం తెప్పిస్తాయి, రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయి. పురుగు ముందు మేత మానుతుంది, కొద్ది రోజులకు చస్తుంది. రసాయన మందులాగా సాయంత్రానికే ఫలితం కనపడదు. ఆ తొందరలోనే చాలామంది దీనిని పనికిరానిదని వదిలేస్తారు.

మరి మిత్ర పురుగుల సంగతేమిటి? అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు, గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా ఈగ మన చేలో కూలి అడగని పనివాళ్లు. బూజు మందు వీటికి బొత్తిగా హాని చేయదని చెప్పడం సరికాదు. బవేరియా అనే తెల్ల బూజు పట్టు పురుగును చంపుతుందని ఇటలీలో అగస్టీనో బాసీ 1835లోనే రుజువు చేశాడు. అందుకే మల్బరీ తోట దగ్గర దీనిని చల్లరాదు. అయితే ఏడు చుక్కల అక్షింతల పురుగు బూజు పట్టిన ఆకుకు దూరంగా తొలగిపోతుందని ప్రయోగాలలో కనిపించింది.

అసలు ఇబ్బంది పురుగు కడుపులో పెరిగే పరాన్నజీవి ఈగకు. ఈగ గుడ్డు పెట్టిన వెంటనే బూజు సోకితే ఆ పురుగు ముందే చస్తుంది, దానితో ఈగ పిల్ల కూడా పోతుంది. ఈగ పిల్ల ఎదిగిన తరువాత బూజు సోకితే అది బయటపడగలదు. కనుక ట్రైకోగ్రామా కార్డులు కట్టిన రోజునే బూజు మందు కొట్టకుండా కొన్ని రోజులు ఎడం ఇవ్వడం మంచిది. ఎటు చూసినా రసాయన మందుతో పోలిస్తే మిత్ర పురుగులకు నష్టం తక్కువే.

విత్తిన 15 నుండి 25 రోజుల మధ్య, గ్రాముకు 10 కోట్ల బీజాలున్న మెటారైజియం పొడిని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, సాయంత్రం పూట సుడిలో పడేటట్లు పిచికారీ చేయాలి. పది రోజులకు మరొకసారి చేయాలి. మాంకోజెబ్ వంటి తెగుళ్ల మందుతో కలిపితే బీజాలే చస్తాయి. పొడి కంట్లో, ముక్కులో పడకుండా చూసుకోవాలి. సందేహం ఉంటే జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగవచ్చు.

పెంటకుప్పలో తెల్లగా, లావుగా, వంకర తిరిగి ఉండే పురుగులు కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. తాటి, కొబ్బరి మొవ్వులను తొలిచేది ఇదే. పెంటలోనే మెటారైజియం కలిపితే అక్కడే అణగుతుంది.

ఇక రెండవ బూజు సంగతి. కంకిని పురుగు తొలిచిన చోట ఆస్పర్జిల్లస్ అనే పసుపుపచ్చ బూజు దిగుతుంది. ఇది వదిలేది అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినది బ్రెజిల్ వేరుశనగ చెక్కలోని ఈ విషం వల్లనే. విచిత్రమేమంటే, అమెరికాలో కంకి తొలిచే పురుగు ఎదిగిన దశలో ఈ విషాన్ని కొంతవరకు విరిచేసుకోగలదు. కాబట్టి పురుగు తిని బతికిందిగదా అని ఆ గింజ పశువుకు పెట్టరాదు. దూడలు మరీ తట్టుకోలేవు.

బర్రె తిన్న విషంలో కొంత భాగం, నూటికి ఒకటి రెండు వంతులు, రూపు మారి ఒక రోజులోపే పాలలో దిగుతుంది. కాచినా పోదు. మన దేశంలో కిలో పాలకు అర మైక్రోగ్రాము మించరాదని హద్దు ఉన్నది. సంఘంలో అందరి పాలు ఒకే క్యానులో కలుస్తాయి. ఒక ఇంటి బూజు పల్లిచెక్క పది ఇళ్ల పాలను చెడగొట్టగలదు.

పురుగు తొలిచిన కంకులను వేరుగా ఏరి పెట్టండి. గింజలో తేమ 12 శాతానికి దిగేదాకా ఎండబెట్టండి. చెక్క, దాణా బస్తాలను నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద ఉంచండి. బూజు వాసన వచ్చిన దాణాను కడిగి, ఎండబెట్టి పెట్టినా విషం అందులోనే ఉంటుంది. ఆ దాణా ఆపివేస్తే మాత్రం మూడు నాలుగు రోజులలో పాలు తేటపడతాయి.