కథా కాలక్షేపం

పాఠ్యభాగ ఉద్దేశం

కథ అనగానే పుస్తకం, రచయిత, ముద్రణ గుర్తుకు వస్తాయి. పుస్తకం కన్న ముందే కథ ఉంది. ఇంటిల్లిపాది తీరికగా కూర్చున్న వేళ అది పుట్టి పెరిగింది. చెప్పేవారికీ వినేవారికీ మధ్య గల సంబంధాన్ని, కుటుంబ జీవితంలో కథకు గల స్థానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'కాలక్షేపం' అనే మాటకు రెండు వాడుకలున్నాయి. పని లేనివాడు పొద్దు పుచ్చడాన్ని కాలక్షేపం అంటాం. హరికథా కాలక్షేపం, పురాణ కాలక్షేపం అని కూడా అంటాం. మొదటి వాడుకలో కొంత చులకన ఉంది. రెండవ దానిలో గౌరవం ఉంది. ఒకే మాటలో ఈ రెండు భావాలు ఇమడడం వింత కాదు. కథ ఏనాడూ తీరికను ఆశ్రయించే బ్రతికింది. నైమిశారణ్యంలో శౌనకాది మునులు సత్రయాగం చేస్తుండగా సూతుడు వచ్చి భారతకథ వినిపించాడు. జనమేజయుని సర్పయాగంలో ఆ కథను చెప్పింది కూడా యాగకర్మల నడుమ దొరికిన విరామాలలోనే. అంతటి మహేతిహాసం పనికీ పనికీ మధ్య చిక్కిన సందులో వెలుగు చూసింది.

కథ ఎలా పుట్టిందని మన పూర్వులు ఒక కథే చెప్పుకున్నారు. ఒకనాడు పార్వతి శివుణ్ణి ఎవరూ వినని కొత్త కథ చెప్పమని అడిగింది. శివుడు విద్యాధర చక్రవర్తుల కథలు చెప్పాడు. పుష్పదంతుడనే ప్రమథుడు చాటున ఉండి వాటిని విన్నాడు. ఊరుకోలేక తన భార్య జయకు చెప్పాడు. ఆమె ఊరుకోలేక వెళ్లి పార్వతికే వినిపించింది. తనకు మాత్రమే దక్కిన కథ పరిచారికకు కూడా తెలిసినందుకు పార్వతి కోపించి పుష్పదంతుణ్ణి శపించింది. అతని పక్షాన మాట్లాడిన మాల్యవంతుడికీ శాపం తప్పలేదు. ఆ మాల్యవంతుడే భూలోకంలో గుణాఢ్యుడై పుట్టాడు. ఈ వృత్తాంతంలో కథకు తొలి వేదిక ఆలుమగల ఏకాంతం. దాని తొలి గుణం దాగకపోవడం. విన్నవాడు మరొకరికి చెప్పకుండా ఉండలేడు.

గుణాఢ్యుడు ప్రతిష్ఠానపురంలో సాతవాహన రాజు కొలువులో మంత్రి. ఒకనాడు రాజు అంతఃపుర స్త్రీలతో జలక్రీడలాడుతుండగా, నీళ్లు చల్లవద్దనే అర్థంలో రాణి 'మోదకైః' అన్న పదం వాడింది. 'మా ఉదకైః' అని దానిని విడదీసుకోవాలి. వ్యాకరణం రాని రాజు అది మోదకాలని భ్రమించి లడ్డూలు తెప్పించాడు. రాణి నవ్వింది. సిగ్గుపడిన రాజు సంస్కృతం నేర్చుకోదలిచాడు. ఆరేళ్లు పడుతుందన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలునన్నాడు శర్వవర్మ. అదే జరిగితే సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటినీ విడిచిపెడతానని గుణాఢ్యుడు పంతం పట్టాడు, ఓడిపోయాడు. మౌనంగా వింధ్యాటవికి వెళ్లి, అక్కడ పైశాచీ భాష నేర్చి, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను తన రక్తంతో రాశాడు.

ఆ గ్రంథాన్ని రాజుకు పంపితే, పిశాచభాష, పైగా రక్తంతో రాత అని రాజు ఈసడించి తిప్పి పంపాడు. గుణాఢ్యుడు కొండ మీద అగ్నిగుండం పేర్చాడు. ఒక్కొక్క పత్రాన్నే బిగ్గరగా చదవడం, చదివినదానిని నిప్పులో వేయడం మొదలుపెట్టాడు. అడవి మృగాలు మేత మరిచి, చుట్టూ నిలిచి, కన్నీరు కారుస్తూ విన్నాయి. నగరంలో రాజు జబ్బుపడ్డాడు. ఎండిన మాంసం తినడమే జబ్బుకు కారణమని వైద్యులు చెప్పారు. వంటవాళ్లను అడిగితే వాళ్లు బోయలను చూపారు. బోయలు అడవిలో జరుగుతున్న సంగతి చెప్పారు. రాజు పరుగున వెళ్లేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద అయ్యాయి. లక్ష మాత్రం మిగిలాయి.

గుణాఢ్యుని దుఃఖం కావ్యం తిరస్కారానికి గురి అయినందుకే కాదు. వినే మనిషి లేనందుకు. నిప్పులో వేసే ముందు కూడా అతడు ప్రతి పత్రాన్నీ పైకి చదివాడు. విననివ్వకుండా కాల్చడానికి కథకుని మనసు ఒప్పలేదు. మిగిలిన ఆ లక్ష శ్లోకాల మూలం కూడా కాలగర్భంలో కలిసిపోయింది. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రాణి సూర్యమతి చిత్తవినోదం కోసం సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరం వంటి గ్రంథాల ద్వారానే బృహత్కథ మనకు తెలుస్తోంది. అక్కడ కూడా కథకు కారణం ఒక ఇల్లాలి మనసుకు ఊరట కలిగించడమే.

కథకు శ్రోత ఎంత ముఖ్యమో తెలుగు ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. మనకు 'ఊ కొట్టడం' అనే ఆచారం ఉంది. అమ్మమ్మ ఒక వాక్యం చెబుతుంది. మనవడు 'ఊ' అంటాడు. ఆ 'ఊ' చురుగ్గా ఉంటే కథ ముందుకు సాగుతుంది. మందగిస్తే అమ్మమ్మ ఒక రాక్షసుణ్ణి తెస్తుంది. బొత్తిగా ఆగిపోతే దుప్పటి కప్పి లేస్తుంది. ఇది కేవలం నిద్రపుచ్చే ఉపాయం కాదు. కథను ఎక్కడ పెంచాలో, ఎక్కడ తుంచాలో చెప్పేవారికి నేర్పే గురువు ఆ చిన్న అక్షరమే. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో, దారి పొడుగునా కథలు చెప్పాలన్న ఒప్పందం మీదే పశువుల కాపరి కుర్రవాడు మణిసిద్ధుని వెంట కాశీకి బయలుదేరుతాడు. బేతాళ కథలలో దీనికి విపర్యయం కనిపిస్తుంది. విక్రమార్కుడు నోరు మెదపకూడదు; బేతాళుడు చివర ఒక ప్రశ్న వేసి మాట్లాడిస్తాడు. వినేవాణ్ణి పలికించడమే రెండింటి రహస్యం.

అయితే ఇంట్లో తీరిక అందరికీ సమానంగా లేదు. అరుగు మీద మగవారు పురాణం వింటుంటే, పెరట్లో ఆడవారికి పని తెమిలేది కాదు. వారు పనిలోనే కథను కలుపుకున్నారు. తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు అలా వచ్చినవే. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి స్త్రీల పాటలలో రామకథ ఇంటి కథగా మారిపోయింది. పద్నాలుగేళ్లు ఎడబాటు అనుభవించిన ఊర్మిళ గోడు కావ్యాలలో కన్న ఆ పాటలలోనే ఎక్కువగా వినిపిస్తుంది. తమకు తీరిక లేని స్త్రీలే ఇంటికంతటికీ కథలు పంచారన్న సత్యాన్ని మరవరాదు.

ఆ స్త్రీలలో అక్షరం చేతికి అందిన వారు ఏం చేయగలరో భండారు అచ్చమాంబ చూపారు. 1874లో జన్మించిన ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో ఇంట్లోనే చదువుకున్నారు. ఒక తమ్ముని సహాయం, ఇంటి తీరికలో కొద్ది సమయం: ఈ రెండింటి ఫలంగా తెలుగు కథకు తొలి అడుగులు వేసిన రచయిత్రి మనకు దక్కింది. 1902లో వచ్చిన 'ధనత్రయోదశి' కథలో ఆమె చిత్రించింది పండుగనాటి ఒక పేద కుటుంబపు మనోవేదననే. 1905లో, చిన్న వయసులోనే ఆమె మరణించారు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) వేదవిద్యకు పేరుపడ్డ ఇంట పుట్టారు. సంస్కృతం అభ్యసించవలసిన పిల్లవాడు తెలుగు రచనకు దిగడం ఇంటి పెద్దలకు రుచించలేదు. ఆ సంఘర్షణను ఆయన తమ ఆత్మకథ 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ'లో వివరించారు. ఆయన కథలు చదివితే గోదావరి సీమ లోగిళ్లలో ఆడవారు మాట్లాడుకునే మాటలు చెవిన పడుతున్నట్లే ఉంటుంది. కథకుడు నలుగురి మధ్య ఊరక కూర్చున్నట్లు కనిపిస్తాడు. నిజానికి ఆ సమయంలోనే అతని పని సాగుతుంది. ఎవరు ఏ మాటను ఎక్కడ విరిచి పలికారో, ఏ మాట మింగి ఊరుకున్నారో అతని చెవి పట్టుకుంటుంది. కలం పట్టి కూర్చోవడం ఆ తరువాతి మాట.

ముద్రణ వచ్చాక ఇంటి కథకు కొత్త రూపం లభించింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మాసపత్రికను ప్రారంభించారు. నవలా రచయిత, కథకుడు అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించే వరకు దాని సంపాదక బాధ్యతలు వహించారు. పెద్దల కోసం 'చదువు' వంటి నవల రాసిన కలమే పిల్లల కోసం తేట తెలుగులో కథలను తీర్చిదిద్దింది. మూలంలో ఇరవైఅయిదే ఉన్న బేతాళ కథలు ఆ పత్రికలో కొత్త కథలతో దశాబ్దాల పాటు కొనసాగాయి. ప్రతి నెలా పత్రిక ఎప్పుడు వస్తుందా అని పిల్లలు ఎదురు చూసేవారు. వారికన్న ముందు పెద్దలే అందుకునేవారు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి అక్క చదివి వినిపించేది. ఒక్క ప్రతి ఇల్లంతా తిరిగేది. ఆ పత్రిక 2010 తరువాతి దశకంలో ఆగిపోయింది.

నేటి విద్యార్థి దినచర్యలో ప్రతి గంటకూ ఒక పేరుంది. తరగతి, స్టడీ అవర్, పరీక్ష, పునశ్చరణ. పేరు లేని గంట దొరికితే సెల్‌ఫోన్ దానిని అందుకుంటుంది. ఫోనులోనూ కథలున్నాయి, మంచివీ ఉన్నాయి. కాని అవి ఎవరి 'ఊ' కోసమూ ఆగవు. వినేవాడు నిద్రపోయినా నడుస్తూనే ఉంటాయి. ఒకే గదిలో నలుగురు నాలుగు కథలు చూస్తున్నప్పుడు వారు కలిసి నవ్వే అవకాశం, ఒకరి కంట తడి మరొకరు గమనించే అవకాశం తగ్గిపోతాయి. సెలవులకు ఇంటికి వెళ్లిన విద్యార్థిని ఇంట్లోవారు మార్కులు అడుగుతారు. అతడు చెప్పి ఊరుకుంటాడు. ఇరువైపులా చెప్పవలసిన కథలు మిగిలే ఉంటాయి.

సాతవాహనుడు ఆలస్యంగానైనా కొండ ఎక్కాడు కనుక లక్ష శ్లోకాలు దక్కాయి. ప్రతి ఇంట్లోనూ రాతకు ఎక్కని ఒక బృహత్కథ ఉంటుంది. తాత వలస వచ్చిన దారి, అమ్మమ్మ చదువు ఆగిపోయిన ఏడు, కరువు కాలంలో వండుకున్న కూర: ఇవన్నీ ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. అవి పొగ లేకుండానే కాలిపోతాయి. ఎంత కాలిపోయిందో, ఎంత మిగిలిందో అడిగితే గాని తెలియదు.

కఠిన పదాలకు అర్థాలు

సత్రయాగం = చాలాకాలం సాగే యాగం
ప్రమథుడు = శివుని పరివారంలోనివాడు
అటవి = అడవి
మోదకం = కుడుము, లడ్డు
ఈసడించు = అసహ్యించుకొను
విపర్యయం = వ్యతిరేకం
లోగిలి = ఇల్లు, ఇంటి ముంగిలి
పునశ్చరణ = మరల మరల చదవడం

వ్యాసరూప ప్రశ్నలు

1. గుణాఢ్యుని వృత్తాంతాన్ని వివరించి, దాని ద్వారా శ్రోత ప్రాధాన్యాన్ని నిరూపించండి.
2. కథను కాపాడడంలో స్త్రీల పాత్రను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప ప్రశ్నలు

1. 'కాలక్షేపం' అనే మాటకు గల రెండు వాడుకలను తెలపండి.
2. 'ఊ కొట్టడం' వల్ల చెప్పేవారికి కలిగే మేలు ఏమిటి?
3. మీ ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకున్న ఒక సంఘటనను పది వాక్యాలలో రాయండి.

వ్యాకరణం

మహేతిహాసం = మహా + ఇతిహాసం (గుణసంధి)
వింధ్యాటవి = వింధ్య + అటవి (సవర్ణదీర్ఘ సంధి)
కాలగర్భం = కాలం యొక్క గర్భం (షష్ఠీ తత్పురుష సమాసం)
ఆలుమగలు = ఆలును, మగడును (ద్వంద్వ సమాసం)