మడ అడవిలో కుటుంబ పాఠము

చదువవలసిన భాగములు: యోబు 12:7-10, ద్వితీయోపదేశకాండము 6:4-9, నిర్గమకాండము 2:1-10, 2 తిమోతి 1:3-5.



జంతువులను, పక్షులను, సముద్రపు చేపలను అడిగినయెడల అవి బోధించునని యోబు తన స్నేహితులకు చెప్పెను. అయితే అడుగుటకు మనము వాటియొద్దకు పోవలెను గదా! సెలవులలో పిల్లలను ఎక్కడికైన తీసికొని పోవలెనని తలంచు తలిదండ్రుల కొరకు ఈ మాసపు పాఠము వ్రాయబడినది. విహారము వేరు, భక్తి వేరు అని కొందరి అభిప్రాయము. కాని మోషే ధర్మశాస్త్రము ఇంట కూర్చుండినప్పుడే గాక, త్రోవను నడుచునప్పుడును దేవుని మాటలను గూర్చి పిల్లలతో మాటలాడవలెనని ఆజ్ఞాపించుచున్నది. కనుక త్రోవ కూడ బడియే.

మనకు దూరము కాని చోటు

నిడదవోలు జంక్షనులో రైలెక్కి సామర్లకోట మీదుగా కాకినాడ చేరి, అక్కడనుండి యానాము రోడ్డున పోయినచో కోరంగి వచ్చును. గౌతమీ గోదావరి పాయలు సముద్రములో కలియు ఆ తావున మడ అడవులున్నవి. 1978లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించెను. దీని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బురదపై నడుచుటకు చెక్క వంతెన కట్టియున్నారు. నీటి పోటును వాతావరణమును అనుకూలించినప్పుడు పడవపై పాయలగుండ పోవచ్చును. ఆవల సముద్రమువైపు హోప్ ఐలండ్ అను ఇసుక దీవి కలదు. గోదావరి మోసికొని వచ్చిన ఇసుక గత రెండు శతాబ్దములలో మేట వేయగా ఏర్పడిన ఆ దీవి కాకినాడ తీరమునకు అలల దెబ్బ తగులకుండ అడ్డుగా నిలిచియున్నది.

అక్కడికి పోవువారు దారి తెలిసిన వానిని వెంటబెట్టుకొని పోవలెను. నీరు తీయు వేళ సరంగునకు తెలియును. తెలియనివాని పడవ బురదలో కూరుకొనిపోవును. మడ ఆకుపై వ్రేలు రాచి నాలుకకు తాకించినచో ఉప్పగా నుండును. ఆ చెట్టు తాను పీల్చిన ఉప్పును ఆకులగుండ వెలికి నెట్టివేయును. కాని అదే అడవిలో తిల్ల చెట్టు కూడ నున్నది. దాని పాలు కంటిలో పడినచో కన్నులకు గొప్ప హాని. ఏ ఆకును తాకవచ్చునో ఏది తాకరాదో పిల్లవాడు తనంతట తెలిసికొనలేడు. చెప్పువాడు ప్రక్కన నుండవలెను. ఇంటిలో ఆ పని ఎవరిది?

మొదటి పాఠము: తల్లి కొమ్మపై మొలక

మన పొలములో ధాన్యపు గింజ నేలలో పడిన తరువాత మొలకెత్తును. కోరంగిలో ఉప్పుపొన్న అను చెట్టు మార్గము వేరు. దాని విత్తనము తల్లి కొమ్మనుండి వ్రేలాడుచుండగనే మొలకెత్తి, మునగకాయవలె పొడవుగా పెరుగును. నెలల తరబడి తల్లి దానికి ఆహార మిచ్చును. పిమ్మట అది క్రిందికి జారును. నీరు తీసియున్న వేళ పడినచో బురదలో గ్రుచ్చుకొని అక్కడనే వేరు తన్నవచ్చును. పోటు వేళ పడినచో తేలుచు పోయి, వేరొక ఒడ్డున నాటుకొనును.

దేవుడు ఇట్లేల ఏర్పరచెను? క్రింద నున్నది ఉప్పునీరు, కదలు బురద. లేత గింజకు అక్కడ నిలుచుట కష్టము. గనుక పడకముందే దానికి బలము కావలెను. ఆ చెట్టు తన పిల్లకొరకు సముద్రమును తియ్యగా చేయలేదు. పిల్లను ఉప్పుకు సిద్ధపరచుచున్నది.

నిర్గమకాండములో మోషేతల్లిని చూడుడి. ఆమె తన బిడ్డను జమ్ముపెట్టెలో నుంచి నదియొడ్డున విడిచెను. దేవుని కృపచేత ఆ బిడ్డ పాలు త్రాగుటకు మరల ఆమె యొద్దకే వచ్చెను. పెద్దవాడైన పిమ్మట రాజగృహమునకు పోయెను. ఫరో ఇంటిలో ఆమె అతనితో నుండజాలదు; కాని తన ఒడిలో నున్న కొద్దికాలమును వ్యర్థపరచలేదని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చదివినవారు గ్రహింతురు. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను నుండెనని పౌలు జ్ఞాపకము చేసికొనుచున్నాడు.

మన జంక్షనులో రైలెక్కి ఎందరు పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, అక్కడనుండి గల్ఫ్ దేశములకు, అమెరికాకు పోవుచున్నారు! వారి పెట్టెలో ఆవకాయ జాడీని మరువము. ఫీజునకు అప్పైనను తెత్తుము. మంచిదే. కాని ఒంటరి గదిలో శోధన వచ్చిన రాత్రి నిలువబడుటకు వేరు ఇచ్చితిమా? కొమ్మపై నుండు కాలము కొద్దిదే. స్టేషనులో చేయు ప్రార్థన అవసరమే గాని, అది పదునెనిమిదేండ్ల కుటుంబ ప్రార్థనకు బదులు కాజాలదు.

రెండవ పాఠము: తీరమున దీపము

జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లు హోప్ ఐలండ్ తీరమునకు రాత్రివేళ వచ్చును. తల్లి ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, కప్పి, సముద్రములోనికి మరలి పోవును. ఇంచుమించు ఏడు వారములకు పిల్లలు పైకి వచ్చును. వాటికి దారి చూపుటకు తల్లి లేదు. చీకటిలో ఏ దిక్కు వెలుతురుగా కనబడునో ఆ దిక్కునకే నడచును. సహజముగా అది నక్షత్రముల క్రింద మెరయు సముద్రమే. కాని మనుష్యులు తీరమున పెద్ద దీపములు వెలిగించినచో పిల్లలు మోసపోయి గట్టువైపు నడచి, నక్కలకో కాకులకో చిక్కును, లేక ఎండకు చచ్చును. దోషము వాటి నడకలో లేదు, దీపము పెట్టిన చోట నున్నది.

ప్రియులారా, ఇది ఆలోచింపదగిన మాట. మన పిల్లలు దారి తప్పిరని దుఃఖపడుదుము. మన ఇంట మిక్కిలి ప్రకాశముగా వెలుగుచున్న దేమి? పొరుగువాని మేడయా? కట్నపు లెక్కయా? చేతిలోని ఫోనా? ఆదివారము గుడిలో వినిన వాక్యమును మధ్యాహ్న భోజనమున మనమే హేళన చేసినచో, పిల్లలు ఏ వెలుగు వైపు నడచుదురు? దీపమును దీపస్తంభముమీద నుంచవలెనని ప్రభువు చెప్పెను (మత్తయి 5:15). ఇంటివారందరికి కనబడు దీపము తలిదండ్రుల నడతయే.

అడవి గోడయగును

1839 నవంబరు తుపానులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును పాడుచేసెను. మడచెట్లు దట్టముగా నున్నచోట వేళ్లు అలల వేగమును తగ్గించి వెనుకనున్న ఊళ్లకు కొంత రక్షణ నిచ్చును. ఒకనాడు మునగకాయవలె వ్రేలాడిన మొలకయే నేడు ఇతరులకు గోడ. మన పిల్లలు తామొక్కరే నిలుచుట చాలదు. వారి వెనుక మరియొకరు ఆశ్రయము పొందవలెను. ఇందుకే వారిని పెంచుచున్నాము.

అక్కడికి పోవు కుటుంబములు కొమ్మ విరువక, ప్లాస్టిక్ సంచులు పారవేయక, తిరిగి వచ్చునప్పుడు తమ చెత్తను తామే తేవలెను. ఏదెను తోటను సేద్యము చేయుటయే గాక కాచుటయు ఆదామునకు అప్పగింపబడెను (ఆదికాండము 2:15).

చర్చించుటకు ప్రశ్నలు

1. ఉప్పుపొన్న విత్తనమునకును మోషే బాల్యమునకును గల పోలిక ఏమి?
2. మీ ఇంట పిల్లలకు మిక్కిలి ప్రకాశముగా కనబడు వెలుగు ఏది? పిల్లలనే అడిగి, వారి జవాబును కోపపడక వినుడి.
3. దూరమున నున్న మీ కుమారునితో గాని కుమార్తెతో గాని ఈ వారము ఫోనులో ఏ వాక్యమును గూర్చి మాటలాడెదరు?
4. మీవలన ఆశ్రయము పొందుచున్న పొరుగువారు ఎవరు?

ప్రార్థన: సముద్రమును, దాని ఒడ్డున మొలకను కలుగజేసిన తండ్రీ, మా పిల్లలు మాయొద్ద నున్న కొద్ది దినములలో వారికి వేరు నిచ్చుటకు మాకు సహాయము చేయుము. మా ఇండ్లలో మోసపు దీపములను ఆర్పివేయుము. దూరమున నున్నవారిని నీవే నడిపించుము. ఆమేన్.